కాలనీలో కుక్కల్ని బయట కట్టేయొద్దని రూల్ పెట్టొచ్చా?

ప్రశ్న: గేటు దగ్గర పగలంతా గొలుసుతో కట్టేయడం ఆపాలని సంఘంలో కొందరు, విప్పితే పిల్లల్ని కరుస్తాయని ఇంకొందరు. చట్టం ఏమంటోంది? ఎన్ని గంటలని రాయాలి?

జవాబు 1: 1960 జంతు హింస నివారణ చట్టం, సెక్షన్ 11(1) చూడండి. మరీ పొట్టి లేదా బరువైన గొలుసుతో ఎక్కువసేపు కట్టేయడం, ఎప్పుడూ కట్టేసే కుక్కని తిప్పకపోవడం, రెండూ నేరాలే. గంటల లెక్క మాత్రం లేదు. అందులో రాసిన జరిమానా మొదటిసారి 10 నుంచి 50 రూపాయలు, టీ టిఫిన్ ఖర్చు! కాలిఫోర్నియాలో కదలని వస్తువుకి కట్టేస్తే రోజుకి 3 గంటలే పరిమితి. టెక్సాస్‌లో 2022 నుంచి గొలుసే నిషేధం. అక్కడ తాడు కనీసం 10 అడుగులు, లేదా కుక్క పొడవుకి 5 రెట్లు, ఏది ఎక్కువైతే అది.

జవాబు 2: పొడవు ఒక్కటే రాస్తే లాభం లేదండీ. స్తంభానికి కడితే చుట్టూ తిరిగి తిరిగి తాడు బిగిసిపోతుంది, నీళ్ల గిన్నె అందదు. రెండు స్తంభాల మధ్య తలపైన తీగ లాగి కప్పీ వేసి, తాడు దానికి కట్టండి. స్తంభానికి కొన్ని అడుగుల ముందే తీగకి క్లాంపు బిగించాలి, లేకపోతే మళ్లీ చుట్టుకుంటుంది. తాడు రెండు కొసలా తిరిగే కొక్కేలు ఉండాలి. మెడకి బిగుసుకునే గొలుసు పట్టీ అస్సలొద్దు. ప్రహరీ పక్కన కట్టొద్దు: గోడ దూకితే అవతల ఉరి పడుతుంది. మధ్యాహ్నం నీడ ఎటు జరుగుతుందో కూడా చూసుకోండి.

జవాబు 3: కరుస్తుందని కట్టేస్తే కరిచే గుణం పెరగొచ్చు, ఎందుకంటే దానికి పారిపోయే దారి ఉండదు. కాంపౌండ్ గేటుకి గొళ్లెం, కింద సందుకి జాలీ ముందు అడగండి.