జిమ్నీని రెండంగుళాలు పైకి లేపే లిఫ్ట్ వేయించాలా, షాకులు (షాక్ అబ్జార్బర్లు) మారిస్తే సరిపోతుందా?

కేఆర్‌పురం_జిమ్నీ:
అందరికీ నమస్తే. కుంజుం పాస్ తెరిచాక బెంగళూరు నుంచి హిమాచల్‌లోని స్పితి వెళ్దామని అనుకుంటున్నాం. నేను, మా ఆవిడ, పాప. పైన రూఫ్ టెంటు, వెనక ఫ్రిజ్, నీళ్ల క్యాన్లు. ఐదు డోర్ల జిమ్నీ, సస్పెన్షన్ కంపెనీదే. జేసీ రోడ్డులో ఒకాయన స్ప్రింగుల దగ్గర స్పేసర్లు (దిమ్మలు) పెట్టి మధ్యాహ్నానికల్లా రెండంగుళాలు లేపేస్తానన్నాడు. ఇంకొకాయన స్ప్రింగులూ షాకులూ కలిపి కిట్టు వేస్తేనే బండి ముట్టుకుంటానన్నాడు. ఏది చేయించమంటారు?

రాళ్లదారి:
కిట్టే. ఆలోచించడానికేముంది? ఐదు డోర్లదానికి వీల్‌బేస్ (ముందు వెనక చక్రాల మధ్య దూరం) 2590 మి.మీ., మూడు డోర్లదాని కంటే 340 ఎక్కువ. అందుకే మధ్యలో ర్యాంప్ కోణం (పొట్ట తగలకుండా దాటగల గట్టు కోణం) 24 డిగ్రీలే. గట్టు ఎక్కి దిగేటప్పుడు పొట్ట ఆనుతుంది. రెండంగుళాలు లేపితే 210 ఉన్న గ్రౌండ్ క్లియరెన్స్ 260 అవుతుంది. కుంజుం దగ్గర బటాల్ దారిలో బండరాళ్ల మధ్య ఆ 50 మి.మీ. విలువ తెలుస్తుంది.

పాతజిప్సీ:
260 అవదు. జిమ్నీకి ముందూ వెనకా రెండు చక్రాలనీ కలిపే గట్టి యాక్సిల్. అన్నిటికంటే కిందికి ఉండేది డిఫరెన్షియల్ గుండు (యాక్సిల్ మధ్యలో గేర్లుండే ఉబ్బు), అదే డిఫ్. అది యాక్సిల్‌తోనే ఉంటుంది, స్ప్రింగు పెంచితే పైకి రాదు. లేచేది బాడీ ఒక్కటే. డిఫ్ లేవాలంటే టైరు పెద్దది కావాలి.

రాళ్లదారి:
నేను పొట్ట గురించి చెబుతుంటే డిఫ్ గోలేంటన్నా?

పాతజిప్సీ:
260 అన్నావు గనక.

సుబ్బు_బీటీఎం:
సిల్క్ బోర్డ్ ట్రాఫిక్ దాటడానికి మాత్రం ఏ లిఫ్టూ పనికిరాదు 😀

ఆర్సీబుక్కు:
మోటారు వాహనాల చట్టం 1988, సెక్షన్ 52 చదివి మరీ దిగండి. తయారీదారు ఇచ్చిన వివరాలకు తేడా వచ్చేలా బండి మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టూ అదే చెప్పింది. క్లెయిమ్ దగ్గర ఇన్సూరెన్సు వాళ్లు దీన్నే పట్టుకుంటారు.

పాతజిప్సీ:
కేఆర్‌పురం తమ్ముడూ, ముందు బరువు చూసుకో. జిమ్నీ ఖాళీ బరువు దాదాపు 1200 కిలోలు, మొత్తం బరువు 1545 దాటకూడదు. మనుషులతో కలిపి మోసేది 340 చిల్లర, అంతే. సామానంతా ఎక్కించి వేబ్రిడ్జికి తీసుకెళ్లు. ముందు చక్రాల బరువు వేరుగా, వెనకవి వేరుగా రాయించుకో. స్ప్రింగు మాట ఆ తర్వాత.

స్పేసర్ల జోలికి పోకు. స్ప్రింగు బలం పెరగదు, షాకు పొడవు మారదు. చక్రం గుంతలోకి దిగినప్పుడు షాకు చివరంటా సాగి ఠంగుమంటుంది. ఇక షాకులు. గరుకు రోడ్డు మీద గంటల తరబడి పోతే ట్విన్‌ట్యూబు (రెండు గొట్టాల) షాకులో నూనె వేడెక్కి నురగ కడుతుంది, పట్టు పోతుంది. మోనోట్యూబు (ఒకే గొట్టం) షాకులో నూనెనీ నైట్రోజన్‌నీ వేరు చేస్తూ మధ్యలో పిస్టన్ ఉంటుంది, వేడీ తొందరగా పోతుంది. కాకపోతే రాయి తగిలి ట్యూబు సొట్టపోతే దాని పని అయిపోయినట్టే.

లిఫ్ట్ వేశాక పాన్‌హార్డ్ రాడ్డు (యాక్సిల్ అటూ ఇటూ పోకుండా పట్టే కడ్డీ) యాక్సిల్‌ని పక్కకు జరుపుతుంది, క్యాస్టర్ (స్టీరింగ్‌ని తిన్నగా నిలిపే వాలు) తగ్గుతుంది. మా బావమరిది జిమ్నీకి ఒక వర్క్‌షాపువాళ్లు ఆ వాలు సరిచేసే క్యాస్టర్ బుష్షులు లేకుండానే కిట్టు బిగించి పంపారు. హోసూరు రోడ్డెక్కి 80 దాటాడో లేదో స్టీరింగ్ గడగడా వణికింది. వెళ్లి అడిగితే ‘అలైన్‌మెంట్ చేయించుకోండి సార్’ అని దానికో బిల్లు వేశారు.

రాళ్లదారి:
బుష్షులు వేయనిది వర్క్‌షాపు, తిట్లు లిఫ్ట్‌కా? సరైన కిట్టు తీసుకుంటే బుష్షులు, అడ్జస్టబుల్ పాన్‌హార్డ్, పొడవాటి బ్రేక్ హోసులు అన్నీ చూసుకునే వేస్తారు. జిప్సీ లీఫ్ స్ప్రింగుల మీద నడుము విరగ్గొట్టుకునేవాళ్లు కాయిల్ స్ప్రింగుల మీద పాఠాలు చెబుతున్నారు, కర్మ.

పాతజిప్సీ:
నా నడుము సంగతి నీకెందుకు? 260 మాట వెనక్కి తీసుకో.

మారతహళ్లి_థార్:
ఇద్దరూ అసలు విషయం దాస్తున్నారు. ఇది సకలేశపుర ట్రిప్పు నుంచి నడుస్తున్న గొడవ. ‘లిఫ్ట్ లేని బండ్లు ఇకమీదట కాన్వాయ్‌లోకి రావద్దు’ అని గ్రూపులో పెట్టింది రాళ్లదారి అన్నే కదా?

రాళ్లదారి:
పెట్టాను. ఇప్పుడూ అదే అంటాను. వానలో, చీకట్లో ఒక్క బండిని వించి (తాడు చుట్టే మోటారు)తో లాగుతుంటే కుటుంబాలన్నీ బండ్లలో కూర్చున్నాయి. నా కొడుక్కి అప్పటికే జ్వరం. ముందు నడిపేవాడిగా ఎవరికేమైనా జవాబు చెప్పుకోవాల్సింది నేనే.

పాతజిప్సీ:
ఒక్క బండి ఏంటి? నా బండి అని చెప్పు. పొట్ట ఆని ఇరుక్కోలేదది. నీ పెద్ద టైర్లు ముందు పోయి గాడి లోతు చేశాయి. వెనకొచ్చిన నా డిఫ్ మధ్య మట్టి మీద కూర్చుంది, చక్రాలు గాల్లో తిరిగాయి. నాలుగంగుళాలు లేపినా అక్కడే కూర్చునేది. నన్ను ముందు పంపమని ఆ రోజే అడిగాను.

రాళ్లదారి:
పెద్ద టైరు పట్టాలంటే లిఫ్ట్ వేయాలిగా? తిరిగి తిరిగి నా దగ్గరికే వచ్చావన్నా.

పాతజిప్సీ:
అంటే నీతో రావాలంటే నా బండి నీ బండిలా మారాలి, ఆ ఖర్చు నేను పెట్టుకోవాలి. చిన్న బండి ఉందని చూసి దారి ఎంచుకోవడం లీడరు పని కాదా?

రాళ్లదారి:
అందరికీ సరిపోయే దారి అంటే నంది హిల్స్ తారు రోడ్డే.

కేఆర్‌పురం_జిమ్నీ:
హొసకోట దగ్గర వేబ్రిడ్జి ఎక్కించాను. అందరం కూర్చుని, సామానంతా పెట్టి 1590. టెంటు అమ్మేస్తున్నా, హోమ్‌స్టేల్లో పడుకుంటాం. స్ప్రింగులు ఉన్నవే ఉంచి మోనోట్యూబు షాకులు వేయిస్తున్నా. ఇద్దరికీ థాంక్స్ అన్నా.

రాళ్లదారి:
టెంటు లేకుండా స్పితి ఏంటి తమ్ముడూ.

పాతజిప్సీ:
అతని సంగతి తేలింది. గ్రూపులో ఆ రూలు తీస్తున్నావా, లేదా?