పచ్చి ఇటుక ఆరడం లేదు, టైమర్ పలకడం లేదు (లువాంటి మాడ్)

కొత్త మేస్త్రి:
నిన్న రాత్రి తొమ్మిదింటికి మొదలుపెట్టి రెండున్నర దాకా కూర్చున్నా తెగని సమస్య ఇది. ఘనాలతో లోకాన్ని కట్టే ఆటల ఇంజను లువాంటికి నేను రాస్తున్న మాడ్‌లో (ఆటకు జోడించే అదనపు కోడ్‌లో) పచ్చి ఇటుక అనే బ్లాక్ ఉంది. దానిని పెట్టిన 600 సెకన్లకు అది ఎండు ఇటుకగా మారాలి. బ్లాక్‌ను పెట్టగానే ఇంజను పిలిచే ఆన్_కన్‌స్ట్రక్ట్‌లో టైమర్‌ను మొదలుపెట్టాను, గడువు తీరగానే పిలిచే ఆన్_టైమర్‌లో ఇటుకను మార్చే పని రాశాను. లాగ్‌లో ఒక్క ఎర్రర్ కూడా లేదు. ఆటను మూసి తెరిచాను, కొత్త ప్రపంచం సృష్టించి చూశాను, 600ను 5కు తగ్గించి కూడా చూశాను. గోడ మాత్రం నిన్న ఎలా ఉందో ఇవాళా అంత పచ్చిగానే ఉంది. బ్లాక్ లోడ్ కావడం లేదేమో అనిపిస్తోంది, కానీ నేను గోడ ఎదుటే నిలబడి ఉన్నాను. దయచేసి ఎవరైనా చెప్పగలరా?

ముక్తసరి:
కోడ్ చూపించండి. వెర్షన్ ఎంతో చెప్పండి.

పాత కాపు:
సమాధానానికి ముందు ఒక మాట సరిచేయాలి, ఎందుకంటే సగం గందరగోళం అక్కడే పుడుతుంది. మీరు బ్లాక్ అంటున్నది ఈ ఇంజనులో నోడ్. ఒక ఘనానికి నోడ్ అని పేరు. 16×16×16 నోడ్లు, అంటే 4096 నోడ్లు కలిస్తే ఒక మ్యాప్‌బ్లాక్ అవుతుంది. లోడ్ కావడమూ, చేతనం కావడమూ (ఆటగాడు దగ్గరలో ఉన్నందున నడుస్తూ ఉండడమూ) మ్యాప్‌బ్లాక్‌కు సంబంధించిన విషయాలే తప్ప విడి ఇటుకకు సంబంధించినవి కావు. ఏబీఎం (చేతన మ్యాప్‌బ్లాక్‌లలోని నోడ్లపై విరామానికి ఒకసారి నడిచే కోడ్), ఎల్‌బీఎం (మ్యాప్‌బ్లాక్ చేతనమైనప్పుడు నడిచే కోడ్) అనే పేర్లలోని ‘బి’ కూడా మ్యాప్‌బ్లాకే. అదీ కాక, 2024 అక్టోబరులో పేరు లువాంటిగా మారినప్పటికీ ఇప్పటికీ మైన్‌టెస్ట్ అనేవారు ఉన్నారు. ఫిన్నిష్‌లో సృష్టి అనే అర్థమున్న లువోంటి అన్న మాటను లువా భాష పేరుతో కలిపి ఈ పేరు పెట్టారు. కనీసం మీరు కొత్త పేరే వాడారు, సంతోషం.

తోటమాలి:
ఇలాంటి పనికి నేనైతే టైమర్ జోలికి వెళ్లను. ఏబీఎం ఒకటి రాసి విరామం 30 సెకన్లు, అవకాశం 20 (అంటే ఇరవైలో ఒకటి) అని పెడితే ఒక్కొక్క ఇటుక సగటున 600 సెకన్లకు ఆరుతుంది. పైగా అన్నీ ఒకేసారి రంగు మారిపోకుండా ఒకటి ముందు, ఒకటి వెనుకగా ఆరుతాయి. నిజమైన బట్టీ దగ్గర ఎండబెట్టిన ఇటుకలు కూడా అలాగే ఆరుతాయి కదా.

పాత కాపు:
ఏబీఎం అయితే చేతన మ్యాప్‌బ్లాక్‌లన్నిటినీ మళ్లీ మళ్లీ గాలించాలి. పదిమంది పిల్లలు పది దిక్కులకు వెళ్లిన సర్వరులో ఆ భారం ఎంతో మీరు చూడలేదనుకుంటాను.

తోటమాలి:
చూశాను. వెతుకుతున్న నోడ్ లేని మ్యాప్‌బ్లాక్‌ను ఇంజను గుర్తుపెట్టుకొని దాటవేస్తుంది కాబట్టి అంత భయం అక్కరలేదు. పచ్చి ఇటుకలు లోకమంతా పరచి ఉండవు.

కొత్త మేస్త్రి:
వెర్షన్ 5.10. కోడ్ చిన్నదే. ఆన్_కన్‌స్ట్రక్ట్‌లో గెట్_నోడ్_టైమర్‌తో టైమర్‌ను తీసుకొని స్టార్ట్‌కు 600 ఇచ్చాను. ఆన్_టైమర్‌లో సెట్_నోడ్‌తో ఎండు ఇటుకను పెట్టి ఫాల్స్ తిరిగి ఇచ్చాను. ఇంకేమీ లేదు. దయచేసి ఏబీఎం గొడవ తరువాత పెట్టుకోండి, ఉన్నది ఎందుకు పనిచేయడం లేదో తెలిస్తే చాలు.

అర్ధరాత్రి:
మీ ప్రశ్నకు సంబంధం లేకపోయినా ఒకటి కనిపించింది కాబట్టి చెబుతున్నాను. సెట్_నోడ్‌కు పేరు ఒక్కటే ఇస్తే పరామ్2 (నోడ్ దిక్కు వంటివి దాచే సంఖ్య) సున్నా అవుతుంది. మీ ఇటుకకు ముఖం, దిక్కు ఉంటే ఆరిన మరుక్షణం అన్నీ ఒకే వైపుకు తిరిగిపోతాయి. పాత పరామ్2ను వెంట పంపండి, స్వాప్_నోడ్ వాడినా అలాగే పంపాలి. అయితే స్వాప్_నోడ్ మెటాడేటాను (నోడ్‌కు జతచేసిన అదనపు సమాచారాన్ని) ఉంచేస్తుంది, ఎండు ఇటుక ఆన్_కన్‌స్ట్రక్ట్‌ను పిలవదు.

ముక్తసరి:
కోడ్ బాగానే ఉంది. ఒక్క ఇటుకను చేత్తో పెట్టి చూడండి.

కొత్త మేస్త్రి:
చేత్తో పెట్టింది ఆరిపోయింది! గోడ ఆరలేదు. గోడను నేను వరల్డ్‌ఎడిట్ అనే మాడ్‌తో ఒక్క ఆదేశంలో నింపాను. కొత్త ప్రపంచంలోనూ అలాగే చేశాను. ఎలా పెట్టినా ఇటుక ఇటుకే కదా అని ఆ సంగతి రాయలేదు.

ముక్తసరి:
అదే కారణం.

అర్ధరాత్రి:
ఆయన ఒక్క మాటలో తేల్చేశారు, కొంచెం విప్పి చెబుతాను. వరల్డ్‌ఎడిట్ ఒక ప్రాంతాన్ని నింపేటప్పుడు వోక్సెల్‌మానిప్ అనే పద్ధతిలో మ్యాప్ సమాచారాన్ని మొత్తంగా తీసుకొని, మార్చి, తిరిగి రాస్తుంది. వేగం కోసం చేసే పని కాబట్టి అందులో ఏ నోడ్‌కూ ఆన్_కన్‌స్ట్రక్ట్ పిలుపు రాదు. స్కీమాటిక్‌లు (ముందే దాచిన కట్టడాల నమూనాలు) పెట్టినా ఇదే జరుగుతుంది, ఏపీఐ పత్రంలో కూడా ఈ మాట స్పష్టంగా ఉంది. పిలుపు రాకపోతే టైమర్ మొదలు కాదు, మొదలు కాని టైమర్‌కు 600 అయినా 5 అయినా ఒకటే. తప్పు ఎక్కడా జరగలేదు కాబట్టే లాగ్‌లో ఏమీ కనిపించలేదు. మీ సొంత కోడ్‌లోంచి ఎక్కువ ఇటుకలు పెట్టాలంటే బల్క్_సెట్_నోడ్ ఉంది. అది వోక్సెల్‌మానిప్ అంత వేగమైనది కాదు కానీ పిలుపులన్నీ పంపుతుంది.

పాత కాపు:
ఇప్పటికే కట్టిన గోడకు ఎల్‌బీఎం రాయండి. పచ్చి ఇటుక ఉన్న మ్యాప్‌బ్లాక్ చేతనమైనప్పుడు టైమర్‌ను మొదలుపెట్టించండి. మామూలుగా ఎల్‌బీఎం, దానిని మాడ్‌లో చేర్చిన తరువాత ఆ మ్యాప్‌బ్లాక్ మొదటిసారి చేతనమైనప్పుడు మాత్రమే నడుస్తుంది. రేపు మళ్లీ వరల్డ్‌ఎడిట్ వాడతారు కాబట్టి ప్రతిసారీ నడిచేలా రన్_ఎట్_ఎవ్రీ_లోడ్‌ను ట్రూగా పెట్టండి. అయితే అందులో టైమర్ ఇప్పటికే నడుస్తోందా అని ఈజ్_స్టార్టెడ్‌తో పరీక్షించకుండా నేరుగా స్టార్ట్ పిలిస్తే లెక్క సున్నా నుంచి మొదలై, అంతవరకు ఆరిన కాలమంతా పోతుంది. చేత్తో పెట్టిన ఇటుకలకు కూడా అదే గతి పడుతుంది. నా మాడ్‌లో ఒకసారి ఇదే తప్పు చేసి, పిండి ఎందుకు పులియడం లేదా అని వారం రోజులు వెతికాను.

తోటమాలి:
గోడ ముందే నిలబడి వరల్డ్‌ఎడిట్ వాడితే ఆ మ్యాప్‌బ్లాక్ అప్పటికే చేతనంగా ఉంటుంది, మీ ఎల్‌బీఎం అప్పుడు నడవదు. మేస్త్రి గారు దూరం వెళ్లి తిరిగి రావాలి, లేదా ఆటను మూసి తెరవాలి. నేను మొదట చెప్పిన ఏబీఎం అయితే ఇటుకను ఎవరు ఎలా పెట్టారో అడగను కూడా అడగదు.

పాత కాపు:
దానికోసం సర్వరు అంతా జీవితాంతం గాలింపు చేయాలా? మేస్త్రి గారు ఇల్లు కట్టేటప్పుడు ఒక్కసారి మూసి తెరిస్తే పోయేదేముంది?

తోటమాలి:
ఆడే పిల్లలకు ఆ సంగతి ఎవరు చెబుతారు?

అర్ధరాత్రి:
ఇద్దరూ చెప్పింది కలపవచ్చు. టైమర్‌ను అలాగే ఉంచి, ఐదు నిమిషాలకు ఒకసారి నడిచే ఏబీఎంలో, మొదలు కాని టైమర్లను మాత్రమే మొదలుపెట్టిస్తే భారం దాదాపు ఉండదు.

పాత కాపు:
రెండు యంత్రాంగాలతో ఒకే పని. ఆరు నెలల తరువాత ఆ కోడ్ చదివేవారిని తలచుకుంటే జాలి వేస్తోంది.

కొత్త మేస్త్రి:
గోడ ఆరింది, ధన్యవాదాలు. పరామ్2 కూడా సరిచేశాను. పై వరుసలో రెండు ఇటుకలు మాత్రం ఇంకా పచ్చిగానే ఉన్నాయి, తరువాత చూసుకుంటాను.

తోటమాలి:
ఎల్‌బీఎంతో ఆరిందా, ఏబీఎంతో ఆరిందా?

ముక్తసరి:
ఆ రెండు ఇటుకలు పక్క మ్యాప్‌బ్లాక్‌లో ఉన్నాయేమో చూడండి. ఎత్తు 16 గుణిజం దగ్గర గోడ రెండు మ్యాప్‌బ్లాక్‌ల మధ్య చీలుతుంది.