అప్‌డేట్: శాన్ (స్టోరేజ్ నెట్‌వర్క్) లింకు నెమ్మదికి కారణం తేలింది, కొరత బ్యాండ్‌విడ్త్‌ది కాదు, బఫర్ క్రెడిట్లది

భీమవరం ఆఫీసు నుంచి రొయ్యల ప్లాంటుకు వెళ్లే 16 గిగ్ ఫైబర్ ఛానల్ లింకు మీద రాత్రి రెప్లికేషన్ (డేటాను అవతలి స్టోరేజ్‌కి కాపీ చేయడం) పాకుతోందని, రెండో ఐఎస్‌ఎల్ (రెండు స్విచ్‌ల మధ్య లింకు) వేయాలా అని ఇక్కడ అడిగాను. జవాబిచ్చిన అందరికీ ధన్యవాదాలు. క్రెడిట్ జీరో కౌంటర్ (పోర్టుకు క్రెడిట్లు అయిపోయిన సందర్భాల లెక్క) చూడమన్న సలహాయే పనిచేసింది.

లింకు సగం కూడా నిండట్లేదు, కానీ ఆఫీసు వైపు ఐఎస్‌ఎల్ పోర్టులో ఆ కౌంటర్ ఆగకుండా పెరుగుతోంది. బఫర్ క్రెడిట్ అంటే ఒక ఫ్రేముకు (డేటా ముక్కకు) చోటుందని అవతలి పోర్టు ఇచ్చే అనుమతి; అవి అయిపోతే లైను ఖాళీగా ఉన్నా పోర్టు ఫ్రేము పంపదు. 16 గిగ్‌కి, నిండు 2 కేబీ ఫ్రేములకి, కిలోమీటరుకు సుమారు 8 క్రెడిట్లు కావాలి. రోడ్డు మీద 6 కిలోమీటర్లే, కాలవ గట్టు వెంట చుట్టి వచ్చే ఫైబర్ మాత్రం ఓటీడీఆర్‌లో (ఫైబర్ పొడవు కొలిచే పరికరం) 8 చూపించింది. అంటే 64 క్రెడిట్లు. మా సగటు ఫ్రేము 1 కేబీ దగ్గరే ఉంది కాబట్టి రెట్టింపు, 128. స్విచ్ మామూలుగా ఇచ్చేది ఇందులో చిన్న వంతు.

రెండు చివర్లా లాంగ్ డిస్టెన్స్ మోడ్ పెట్టి, కొంచెం మిగులుతో 140 కేటాయించాం. పోర్టు కాసేపు డౌన్ అవుతుంది, రెప్లికేషన్ ఆపి చేయండి. ఇప్పుడు కౌంటర్ కదలట్లేదు, కాపీ తెల్లారేలోపు పూర్తవుతోంది.

ఎస్‌ఎఫ్‌పీ (పోర్టులో పెట్టే ఆప్టికల్ మాడ్యూల్) మార్చడం అనవసరం: సీఆర్‌సీ ఎర్రర్లు (దారిలో పాడైన ఫ్రేములు) సున్నా. స్లో డ్రెయిన్ (అవతలి పరికరం ఫ్రేములు నెమ్మదిగా తీసుకోవడం) అనుమానమూ తప్పే, ప్లాంటులో స్టోరేజ్ వైపు పోర్టుల్లో క్రెడిట్లు ఎప్పుడూ అయిపోలేదు. రెండో ఐఎస్‌ఎల్ కొనుగోలు ఆపేశాం.