రిజల్యూషన్‌ను ‘స్పష్టత’ అనొచ్చా?

పళ్ళ ఎక్స్‌రేల మీద తెలుగులో వ్యాసం రాస్తున్నాను. ‘డిజిటల్ ఎక్స్‌రేలో రిజల్యూషన్ పెరిగేకొద్దీ పుచ్చు బాగా తెలుస్తుంది’ అనే చోట రిజల్యూషన్‌కి ‘స్పష్టత’ అని పెట్టాను. సరిపోతుందా? తెలిసినవాళ్ళు చెప్పగలరు.

– సరిపోదండీ. నేను పళ్ళ డాక్టర్ని, ఈ మాటతో రోజూ పని. స్పష్టత అనగానే బొమ్మ మొత్తం బాగుందనుకుంటారు. రిజల్యూషన్ అందులో ఒక ముక్కే: పక్కపక్కనున్న రెండు సన్నటి గీతలు కలిసిపోకుండా విడిగా కనబడటం. మిల్లీమీటరుకి ఎన్ని గీతల జతలు విడిగా కనిపిస్తాయో అదే కొలత. పాత ఫిల్మ్ 20 జతల దాకా చూపేది, ఫిల్మ్ బదులు వాడే డిజిటల్ సెన్సర్‌లో పిక్సెల్ (బొమ్మలో ఒక్కో చుక్క) 20 మైక్రాన్లు, అంటే మిల్లీమీటరులో యాభయ్యో వంతు ఉంటే, లెక్కప్రకారం 25 దాకా చూపాలి కానీ నోట్లో పెట్టి తీసినప్పుడు అంత రాదు.

అసలు మీ వాక్యమే మార్చాలి. రెండు దవడపళ్ళు ఆనుకునే చోట మొదలయ్యే పుచ్చు బైట్‌వింగ్ ఎక్స్‌రేలో (పైపళ్ళు, కిందిపళ్ళు ఒకేసారి కనబడేలా తీసేది) ఎలా ఉంటుందంటే, తెల్లటి ఎనామెల్‌లో (పంటి గట్టి పైపొర) చిన్న మసక త్రికోణం, వెడల్పు వైపు బయటికి, మొన లోపలికి. అక్కడ ఖనిజం సుమారు 30-40 శాతం పోతే గానీ ఆ మసక కంటికి ఆనదు. దానికి పదునైన అంచు ఉండదు, బూడిదరంగులో కొద్దిపాటి తేడా, అంతే. దాన్ని పట్టించేది ముఖ్యంగా కాంట్రాస్టు, ఇంకా ఎక్స్‌రే తీసిన కోణం. కోణం తప్పి పక్కపన్ను నీడ మీద పడిందంటే ఎంత ఖరీదు సెన్సరైనా దండగే.

– అయితే ‘పృథక్కరణ’ అందామా?

– అర్థం కుదురుతుంది, కానీ పేషెంట్లు చదివే వ్యాసం కదండీ, రిజల్యూషన్ అనే ఉంచి మొదటిసారి ‘సన్నటి వివరాలను విడదీసి చూపే శక్తి’ అని చేర్చండి. కాంట్రాస్టుకి ‘నలుపు తెలుపుల తేడా’ చాలు. దంతక్షయం అనకుండా పుచ్చు అన్నారు, అది చాలా నచ్చింది, పిప్పి పన్ను అన్నా అందరికీ తెలుస్తుంది. ఇంకోటి కూడా రాయండి: వాట్సాప్‌లో వచ్చిన ఎక్స్‌రేని ఫోన్లో ఎంత పెద్దది చేసినా పిక్సెళ్ళే పెద్దవవుతాయి, కొత్త వివరం రాదు, దాన్ని చూసి పుచ్చు లేదని తేల్చుకోవద్దని.