12 అంగుళాల పాత త్రీ-వే స్పీకర్లు ఉంచుకోవాలా, కొత్త టవర్లకు మారాలా?

గోడమూల:
1970ల చివరి నాటి త్రీ-వే జత ఒకటి ఉంది. బాస్‌కు 12 అంగుళాల పేపర్ కోన్ వూఫర్ (అంచున ఫోమ్ రింగ్), మధ్య స్వరాలకు 5 అంగుళాల మిడ్, పై స్వరాలకు చిన్న కోన్ ట్వీటర్, గాలి చొరబడని సీల్డ్ డబ్బా. మిడ్‌కీ ట్వీటర్‌కీ వెనక విడివిడిగా నాబ్‌లు ఉన్నాయి. యాంప్ 8 ఓమ్‌లకు 50 వాట్లు, గది 12 x 15 అడుగులు. వీటి స్థానంలో రెండు రకాలు చూస్తున్నాను. ఒకటి, 6.5 అంగుళాల వూఫర్లు రెండేసి ఉండే సన్నటి టవర్లు. రెండోది, పాత మోడళ్లకే కొత్త రూపం ఇచ్చిన జేబీఎల్ ఎల్100 క్లాసిక్, వార్ఫ్‌డేల్ లింటన్ లాంటివి.

పక్కపక్కన పెట్టి వింటే టవర్లలో మాట స్పష్టంగా ఉంది, పాతవాటిలో మగ గొంతుకు, డ్రమ్స్ దెబ్బకు ఒళ్లు ఎక్కువగా ఉంది. ఇది నిజంగా టెక్నాలజీ తేడానా, లేక పాతవి అరిగిపోయాయా? స్పెసిఫికేషన్లలో దేన్ని దేనితో పోల్చాలి?

బాస్‌రిఫ్లెక్స్:
మీరు విన్న "ఒళ్లు" ఊహ కాదు, లెక్కకు అందేదే. 12 అంగుళాల కోన్ వైశాల్యం సుమారు 530 చ.సెం.మీ., 6.5 అంగుళాలది 135 దాకా. అంటే టవర్‌లో రెండు కలిపినా పాత వూఫర్‌లో సగమే. కొత్తవి ఆ లోటును కోన్ ప్రయాణంతో పూడుస్తాయి. పాతది ఒక్కో వైపు 4 మి.మీ. కదిలితే కొత్తది 6 మి.మీ. కదులుతుంది అనుకోండి: నెట్టే గాలి పాతదానిలో 212 ఘన సెం.మీ., టవర్‌లో 162. ఫ్రీక్వెన్సీ సగమైతే అదే శబ్దానికి నాలుగు రెట్ల గాలి కదలాలి కాబట్టి 40 హెర్ట్జ్ దగ్గర ఈ తేడా గట్టిగానే తెలుస్తుంది. టవర్లకు పోర్టు (డబ్బాకు పెట్టే గాలి గొట్టం) సాయం ఉంటుంది, నిజమే. కానీ పోర్టును కుదిర్చిన ఫ్రీక్వెన్సీ (ట్యూనింగ్) కిందికి వెళ్లగానే పోర్టు డబ్బా ఆక్టేవ్‌కు (ఫ్రీక్వెన్సీ సగమైన ప్రతిసారీ) 24 డీబీ చొప్పున పడిపోతుంది, సీల్డ్ అయితే 12 డీబీయే.

రెండో కారణం ముందు పలక వెడల్పు. శబ్దం డబ్బా ముందుకే పరిమితం కాకుండా చుట్టూ పాకడం ఏ ఫ్రీక్వెన్సీ కింద మొదలవుతుందో ఉజ్జాయింపుగా చెప్పడానికి 115ను మీటర్లలో వెడల్పుతో భాగించండి. 36 సెం.మీ. పలకకు 320 హెర్ట్జ్, 20 సెం.మీ. టవర్‌కు 575 హెర్ట్జ్ వస్తుంది. మగ గొంతు నిండుదనమంతా ఆ చుట్టుపక్కలే ఉంటుంది. టవర్ డిజైనర్ దీన్ని క్రాసోవర్‌లో (వూఫర్, మిడ్, ట్వీటర్‌లకు స్వరాలను పంచే సర్క్యూట్) సరిచేయాలి, అందుకు సెన్సిటివిటీలో (ఇచ్చిన పవర్‌కు ఎంత గట్టిగా మోగుతుందో) కొంత వదులుకోవాలి. అరకొరగా సరిచేసిన టవర్లు సన్నగా, "స్పష్టంగా" వినిపిస్తాయి. మీకు నచ్చిన స్పష్టతలో కొంత అదే కావచ్చు.

పాతవి నిజంగా వెనకబడేది బాస్‌లో కాదు, మధ్యలో. సీల్డ్ బాస్ 1954లో ఏఆర్-1 స్పీకరు నాటికే కుదిరింది. పోర్టు డబ్బాలకు పద్ధతైన లెక్క మాత్రం ఇంజినీరు థీల్ 1961లో రాసిన వ్యాసం 1971లో మళ్లీ అచ్చయి, 1972-73లో స్మాల్ వ్యాసాలు వచ్చాకే అందరి చేతికీ వచ్చింది. అంతకుముందు పోర్టు డబ్బాల్లో కోసి, విని, మళ్లీ కోసి కుదిర్చినవే ఎక్కువ. మధ్య భాగానికి ఎల్100 మంచి ఉదాహరణ. 1970 నాటి అసలు ఎల్100 సెంచరీలో 12 అంగుళాల వూఫర్‌ను 1,500 హెర్ట్జ్ దాకా వాడారు, పైగా దాని దారిలో పై స్వరాలను ఆపే కాయిల్ కూడా లేదు. కోన్ వెడల్పు 26 సెం.మీ. అనుకుంటే 1,300 హెర్ట్జ్ దగ్గరే తరంగం పొడవు దానికి సమానమవుతుంది. అప్పటికే శబ్దం టార్చిలైట్‌లా ముందుకే పోతుంటుంది. ఆ వెంటనే 5 అంగుళాల మిడ్ అందుకుని ఒక్కసారిగా వెడల్పుగా వెదజల్లుతుంది. సోఫా మధ్యలో కూర్చుంటే బాగానే ఉంటుంది, పక్కకు జరిగితే, గోడల నుంచి తిరిగొచ్చే శబ్దంలో, ఆ అతుకు తెలిసిపోతుంది. 2018 క్లాసిక్‌లో అదే 12 అంగుళాలను 450 హెర్ట్జ్ దగ్గరే ఆపారు, మిడ్ నుంచి ట్వీటర్‌కు 3,500 దగ్గర మార్చారు. ముఖం పాతదే, లోపలి ఆలోచన వేరు. 2019 లింటన్‌లో 8 అంగుళాల వూఫర్‌ను 630 దగ్గర ఆపుతారు.

కాబట్టి స్పెక్ షీట్‌లో మొదట చూడాల్సింది క్రాసోవర్ ఫ్రీక్వెన్సీలు, వాటి పక్కన డ్రైవర్ (వూఫర్, మిడ్, ట్వీటర్) సైజులు. "40 హెర్ట్జ్ – 40 కిలోహెర్ట్జ్" లైను చివర్లో చూడండి. ఆ 40 దగ్గర ఎన్ని డీబీ తగ్గిందో (మైనస్ 3నా, మైనస్ 6నా) రాయకపోతే ఆ అంకెకు అర్థమే లేదు. సీటీఏ-2034 పద్ధతిలో (స్పీకరును అన్ని వైపుల నుంచీ కొలిచే ప్రమాణం) కొలిచిన గ్రాఫ్‌లు దొరికితే పక్కల వైపు గీతలు చూడండి. మెట్లు లేకుండా నున్నగా దిగుతుంటే మంచి గుర్తు.

ఓమ్‌శాంతి:
పైన చెప్పినదానితో ఏకీభవిస్తూనే ఒకటి కలుపుతాను: యాంప్. సెన్సిటివిటీని ఇప్పుడు 2.83 వోల్టులకు, 1 మీటరు దూరంలో ఇస్తారు. 8 ఓమ్‌లకు అది 1 వాట్, 4 ఓమ్‌లకు 2 వాట్లు. ఎల్100 క్లాసిక్ 90 డీబీ, 4 ఓమ్‌లు అంటే ఒక వాట్‌కు 87 అన్నమాట. మీ 50 వాట్లతో 17 డీబీ కలుస్తుంది, మీటరు దగ్గర 104. ఆ గదికి చాలా ఎక్కువే. అసలు చూడాల్సింది మీ యాంప్ వెనక "4 ఓమ్" అని రాసి ఉందా అన్నది. చాలా టవర్లకు పేరుకు 6 ఓమ్‌లున్నా, బాస్‌లో 3 దాకా దిగుతాయి. 8 ఓమ్‌లకే అని రాసిన యాంప్ అక్కడ వేడెక్కి ప్రొటెక్షన్‌లోకి పోవచ్చు, అంటే తనను కాపాడుకోడానికి ఆగిపోవచ్చు.

"పాతవన్నీ తక్కువ వాట్లకే మోగుతాయి" అన్న మాట కూడా నమ్మకండి. చిన్న డబ్బా, లోతైన బాస్, ఎక్కువ సెన్సిటివిటీ: మూడింట్లో రెండే దక్కుతాయి. సీల్డ్ డబ్బాల వాళ్లు వదులుకున్నది మూడోదాన్ని. 1967 ఏఆర్-3ఏ 4 ఓమ్‌ల స్పీకరు, వాట్లు బాగా తాగుతుంది.

మీ పోలిక న్యాయంగా జరిగిందా అన్నది నా అనుమానం. శబ్దం 1 డీబీ ఎక్కువున్నదే "బాగుంది" అనిపిస్తుంది. 500 నుంచి 2,000 హెర్ట్జ్ మధ్య పింక్ నాయిస్ (పరీక్షకు వాడే హోరు) పెట్టి, కూర్చునే చోట శబ్దం కొలిచే మీటరుతో రెండూ అర డీబీ లోపల సరిచూడండి. స్టీరియో వద్దు, ఒక్కో రకం నుంచి ఒక్కటే స్పీకరు, మోనోలో. తప్పులు మోనోలోనే త్వరగా పట్టుబడతాయి. రెండింటినీ పక్కపక్కన పెడితే గదిలో చోటు మారి బాస్ మారుతుంది కాబట్టి ఒకే చోటికి మార్చి మార్చి తెచ్చి వినండి. 200-300 హెర్ట్జ్‌కు కింద మనం వినేది స్పీకరు కంటే గదినే ఎక్కువ. ఇంకోటి, పాత వెడల్పు డబ్బాలు చాలావరకు గోడకు దగ్గరగా పెట్టడానికి చేసినవి. వెనక పోర్టున్న టవర్‌ను అదే చోట పెడితే బాస్ ఉబ్బిపోతుంది, అది టవర్ తప్పు కాదు.

టంకంపని:
అసలు ఇవన్నీ పోల్చే ముందు పాత జత ఫ్యాక్టరీ నుంచి వచ్చినట్టు ఉందా చూడాలి. నలభై ఏళ్ల ఫోమ్, నలభై ఏళ్ల కెపాసిటర్లతో ఉన్నదాన్ని కొత్తదానితో పోల్చి "అప్పటి సౌండ్" అనడం అన్యాయం.

ఫోమ్ రింగ్: పాలీయురేథేన్ ఫోమ్ గాలిలోని తేమకు 10-20 ఏళ్లలో జిగటగానో పొడిగానో మారుతుంది. వేలితో మెల్లగా నొక్కితే నలుసులు రాలినా, వేలికి అంటినా మార్చాల్సిందే. రింగ్ కొనేటప్పుడు "12 అంగుళాలు" అన్న మాట చాలదు. కోన్ బయటి వ్యాసం, ఫ్రేమ్ అంచు లోపలి వ్యాసం, మడత వెడల్పు కొలిచి చెప్పండి. పాతది కోన్‌కు పైన అంటించారో కింద అంటించారో చూసి కొత్తదీ అలాగే వేయాలి. పాత జిగురును ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో నానబెట్టి గీకండి, కోన్ పేపర్ మాత్రం తడిసి ముద్దవకూడదు. ముందు కోన్ వైపు అంటించి పూర్తిగా ఆరనివ్వండి. ఆ తర్వాత ఫ్రేమ్ వైపు తెల్ల జిగురు రాసి, చాలా తక్కువ వాల్యూమ్‌లో 20-30 హెర్ట్జ్ టోన్ ఇస్తూ కోన్‌ను మధ్యకు సర్దండి. గరగర వినిపిస్తే కోన్‌ను కదిపే కాయిల్ పక్కకు తగులుతోందని అర్థం, జిగురు పచ్చిగా ఉండగానే జరపాలి. 24 గంటలు ఆగాకే వాయించండి. "ఇక జన్మలో పాడవదు" అని ఫోమ్ బదులు గట్టి రబ్బరు వేసేవాళ్లున్నారు. రెజొనెన్స్ (కోన్ సహజంగా ఊగే ఫ్రీక్వెన్సీ) పైకి జరిగి, మీరు దాచుకోవాలనుకున్న బాసే పోతుంది. ఒకవైపు మాత్రమే చిరిగినా రెండూ మార్చండి.

సీల్డ్ డబ్బాకు గాలి పరీక్ష తప్పనిసరి. వూఫర్‌ను సమానంగా లోపలికి నొక్కి వదిలితే ఒకటి రెండు సెకన్లు తీసుకుని నెమ్మదిగా తిరిగి రావాలి. టక్కున వచ్చేస్తే ఎక్కడో లీకు ఉంది: గాస్కెట్, నాబ్‌ల రంధ్రం, టెర్మినల్ కప్పు. లోపలి గ్లాస్ ఊల్‌ను తీసిన మేరకు అలాగే తిరిగి పెట్టండి, తగ్గిస్తే బాస్ మారుతుంది. చేతికి గ్లవ్స్, మూతికి మాస్క్ మర్చిపోకండి.

కెపాసిటర్లు: బైపోలార్ ఎలక్ట్రోలిటిక్ అయితే ఒక కాలు విప్పి కొలవండి. రాసి ఉన్న విలువకు 10 శాతం మించి తేడా ఉంటే మార్చండి. ఫిల్మ్ కెపాసిటర్ వేసేవారికి ఒక హెచ్చరిక. పాతదానిలో ఉండే అంతర్గత నిరోధం దీనిలో దాదాపు ఉండదు, దాంతో ట్వీటర్ కాస్త పైకి లేస్తుంది. చెవికి గుచ్చుకుంటే 0.3 నుంచి 0.5 ఓమ్ రెసిస్టర్ సిరీస్‌లో పెడితే సరిపోతుంది. విలువ మాత్రం "దగ్గరలో ఉంది కదా" అని మార్చకండి.

నాబ్‌లు: కాంటాక్ట్ క్లీనర్ కొట్టి ఈ చివర నుంచి ఆ చివరకు ఇరవై సార్లు తిప్పండి. పాత డబ్బాల్లో "మిడ్ డల్‌గా ఉంది" అనే ఫిర్యాదుల్లో సగం ఇక్కడే తీరిపోతాయి.

గోడమూల:
ధన్యవాదాలు. ఫోమ్ వేలికి అంటుతోంది, రెండూ మారుస్తాను. యాంప్ వెనక 4-16 ఓమ్ అని ఉంది. మల్టీమీటర్ రీడింగులు: వెనక టెర్మినళ్ల దగ్గర ఎడమ 6.3, కుడి 6.4. ట్వీటర్ కాళ్ల మీద, వైర్లు విప్పకుండా, ఎడమ 4.4, కుడి 19 ఓమ్‌లు. నాబ్ తిప్పితే కుడివైపు రీడింగ్ బాగా మారిపోతోంది.

టంకంపని:
వెనక టెర్మినళ్ల దగ్గర వచ్చింది వూఫర్ రీడింగ్ మాత్రమే. మిడ్, ట్వీటర్ దారుల్లో కెపాసిటర్ అడ్డం ఉంటుంది కాబట్టి డీసీకి అవి కనిపించవు. 8 ఓమ్ వూఫర్‌కు 6.3 సరైనదే.

ట్వీటర్ల దగ్గర ఎడమవైపు 4.4 అంటే కాయిల్, నాబ్ సమాంతరంగా కలిసి వచ్చిన విలువ. 5.7 ఓమ్ కాయిల్‌కు పక్కన 19 ఓమ్ ఉంటే సరిగ్గా అంతే వస్తుంది. కుడివైపు ఆ 19 ఒక్కటే కనబడుతోంది, అంటే మీటరు చదివింది నాబ్‌నే. ట్వీటర్ కాయిల్ తెగినట్టే. ఒక వైరు టంకం విప్పి ట్వీటర్‌ను విడిగా కొలిచి రూఢి చేసుకోండి. విప్పేటప్పుడు సోల్డరింగ్ ఐరన్ మూడు సెకన్లకు మించి ఆనించకండి, కాలు పట్టుకున్న ప్లాస్టిక్ కరిగిపోతుంది. తెగింది బయటి తీగ కోన్‌కు అతికే చోట అయితే మళ్లీ కలపొచ్చు, లోపలైతే మార్చడమే. అదే మోడల్ దొరకకపోతే ఓమ్‌లూ సెన్సిటివిటీ కలిసేది, రెజొనెన్స్ మీ క్రాసోవర్ కంటే కనీసం ఒక ఆక్టేవ్ కింద ఉండేది తీసుకోండి, అదీ జతగా.

ఓమ్‌శాంతి:
అంటే మీరు పోల్చి విన్నది ఒక ట్వీటర్ లేని జతను. టవర్లలో మాట స్పష్టంగా ఉండటంలో ఆశ్చర్యం లేదు. ఎడమ స్పీకరు ఒక్కదాన్నే మోనోలో పెట్టి, పైన చెప్పినట్టు లెవెల్ కలిపి మళ్లీ వినండి. టవర్ల సంగతి ఆ తర్వాత చూద్దాం.