అప్‌డేట్: కింగ్‌డమ్ కమ్ డెలివరెన్స్ 2, ఆపేద్దామనుకున్నా, ఆపలేదు

ఈ వీడియో గేమ్‌లో సేవ్ చేయాలంటే ప్రతిసారీ సేవియర్ ష్నాప్స్ అనే మందు సీసా తాగాలి, ఎవరితో తలపడినా చస్తున్నా, ఇక వదిలేయనా అని అడిగింది నేనే. జవాబిచ్చిన అందరికీ థాంక్స్.

మంచం మీద పడుకోమన్న సలహా పనిచేసింది. సొంత మంచం మీదో, సత్రంలో అద్దె మంచం మీదో పడుకుంటే గేమ్ సేవ్ అవుతుంది. ఇప్పుడు సీసాలు మిగిలిపోతున్నాయి.

కత్తి యుద్ధానికి మాత్రం సంచారుల శిబిరంలో టామ్‌క్యాట్ అనే పాత్ర దగ్గర మాస్టర్ స్ట్రైక్ (ప్రత్యర్థి దెబ్బను కాచుకుంటూనే తిరిగి కొట్టే ఎత్తు) నేర్చుకున్నాకే ఊపిరి పీల్చుకున్నా. అది కత్తితోనే పడుతుంది, గదతో కాదు. ఇది తెలియక గద పట్టుకుని రెండు రోజులు తన్నులు తిన్నాను!

మొదటి భాగం ఆడకపోవడమే నా ఇబ్బందికి కారణమన్నారు కొందరు. దానికీ దీనికీ సంబంధం లేదు, కథ బాగానే అర్థమైంది. మొదటి కొన్ని గంటలు నత్తనడక అన్నది మాత్రం నిజమే.