రాసింది దాచేస్తున్నాడు, ఏం చేయను?

ప్రశ్న: మావాడు ఏడో తరగతి. నోటితో గంటసేపు కథ చెప్తాడు, కాగితమిస్తే రెండు లైన్లు రాసి కొట్టేస్తాడు. మొన్న టీచరు ఒత్తులన్నిటికీ ఎర్రసిరాతో సున్నాలు చుట్టారట. ఆ నోట్‌బుక్ బియ్యం డబ్బా వెనక దొరికింది.

జవాబు (రిటైరైన తెలుగు మాస్టార్ని): కొన్నాళ్ళు ఒత్తుల జోలికి పోకండమ్మా. వాడు చెప్తుంటే మీరు రాయండి. 'ఒచ్చిండు' అంటే 'ఒచ్చిండు' అనే. తర్వాత వాడికే చదివి వినిపించండి.

జవాబు: చందమామలో ఫోటో వ్యాఖ్యల పోటీ గుర్తుందా? రెండు ఫోటోలు, చెరో చిన్న వ్యాఖ్య. ఫోన్లో ఫోటోలతో మా పాపకి అదే ఆడించా. నాలుగు మాటలే కదా అని బెదరలేదు. ఇప్పుడు పేజీ దాటుతోంది (గుణింతాలు దేవుడికెరుక).

అడిగినావిడ: మాస్టారూ, రాత్రి కూర్చుని రాశా. మధ్యలో ఆపి, "కుక్క కాదమ్మా, కుంటికుక్క. కొట్టేసి మళ్ళీ రాయి" అన్నాడు.